మొర్రిపండు నల్లబడేదాకా ఆగండి

పోయిన సంచికలో నల్లమల అంచు ఊళ్లలో పెంచదగ్గ చెట్ల గురించి రాస్తూ సారపప్పు కాసే మొర్రి చెట్టును రెండు వాక్యాల్లో తేల్చేశాను. ఆ రెండు వాక్యాల మీదే దేవరకొండ నుంచి కొల్లాపూర్ దాకా ఉత్తరాలు వచ్చాయి. కాబట్టి ఈసారి మామిడి చీడలు, గులాబీ మొగ్గలు పక్కన పెట్టి శీర్షిక మొత్తం మొర్రికే ఇస్తున్నాను. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ పిల్లలను ఈ చెట్టు కిందకి తీసుకుపోయేదాన్ని. ఇప్పుడు అచ్చంపేటలో మా ఇంటి వెనక పెరట్లో దీని మొక్కలు పెంచి అడిగినవాళ్లకు ఇస్తున్నాను. ఈ చెట్టంటే నాకున్న ఇష్టం జవాబుల్లో కనపడితే ఏమీ అనుకోకండి.

ప్రశ్న (దేవరకొండ దగ్గర నుంచి ఒక రైతు): అమ్మా, నమస్తే. ఊరికి దూరంగా గుట్ట వారన మాకు పన్నెండెకరాల చెల్క ఉంది. ఎర్ర గరప నేల. బోరు మార్చి దాకా కూడా పోయదు. పత్తి పెట్టి పెట్టి విసిగిపోయినం. అందులో నాలుగెకరాలు చెట్లకు వదిలేద్దామని నేను, మా ఇంటామె అనుకున్నం. పిట్టలకు, అడవి జీవాలకు తిండి దొరకాలె. మనకూ గింజో పప్పో ఏదో ఒకటి రావాలె. మన ప్రాంతపు చెట్టే కావాలె. మా తమ్ముడు బాదం పెట్టమంటడు. నర్సరీవాళ్లు టేకు అంటున్నరు. మీ మాట ఏంది?

జవాబు: అన్నా, మొర్రి పెట్టండి. మీది నల్లరేగడి అయితే వద్దనేదాన్ని. వేరు దగ్గర నీళ్లు నిలిస్తే ఈ చెట్టుకు గిట్టదు. రాళ్లు, గరప, కొంచెం వాలు, ఎండ ఇవన్నీ ఉన్నచోట హాయిగా పెరుగుతుంది. మన్ననూరు దాటి శ్రీశైలం దారిలో పోతున్నప్పుడు ఇరుపక్కలా చూడండి, అది నిలబడ్డ నేల ఎట్లాంటిదో మీకే తెలుస్తుంది. మీ దగ్గరి గుట్టల్లో ఒకప్పుడు ఉండేదా అని మీ ఊరి పెద్దవాళ్లను, మేకలు కాసినవాళ్లను అడగండి. ఎక్కడెక్కడ ఉండేవో చెట్టు పేరున గుర్తు చేసుకుంటారు.

పట్నంలో పెరిగినవాళ్లకు పేరు కొత్తగా ఉండొచ్చు గానీ రుచి కొత్త కాదు. పాయసంలో వేసే సారపప్పు ఈ చెట్టుదే. రంజాన్‌కు షీర్ ఖుర్మాలో పడే చిరోంజీ కూడా ఇదే. మామిడి, జీడిమామిడి కుటుంబంలోని చెట్టు, శాస్త్రీయ నామం బుకనానియా లాంజాన్. నలభై యాభై అడుగులు ఎదుగుతుంది. ఆకు మందంగా, తోలులాగా ఉంటుంది. వేసవిలో పూర్తిగా బోసిపోవడం తక్కువ. ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న టేకు, మద్ది మోడులై నిలబడితే, అడవిలో నడిచే మనిషికైనా జింకకైనా నీడ దొరికేది ఇట్లాంటి చెట్టు కిందే.

పండు వచ్చే కాలం చూడండి. జనవరి, ఫిబ్రవరిలో కొమ్మల చివర తెల్లగా గుత్తులు గుత్తులుగా పూస్తుంది. ఏప్రిల్ చివర నుంచి మే నెలంతా పండుతుంది. కుంటలు ఎండి, గడ్డి మాడి, అడవిలో తినడానికి ఏమీ మిగలని రోజులవి. పిగిలిపిట్టలు, గోరింకలు, కోకిలలు పొద్దున్నే వాలతాయి. కొండముచ్చులు సగం తిని సగం కింద రాలుస్తాయి. రాలినదాన్ని రాత్రికి పునుగుపిల్లి, నక్క, ఎలుగు ఏరుకుంటాయి. ఒక్క చెట్టు కింద ఇంతమంది పొట్ట నింపుకుంటారు కాబట్టే మీలాంటివాళ్లకు నేను మొదట చెప్పే పేరు మొర్రి.

ఇక మీ తమ్ముడు చెప్పిన బాదం. వీధుల్లో గొడుగులాగా అంతస్తులు అంతస్తులుగా పెరిగేదే కదా. అది సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన చెట్టు. ఇంటి ముందు నీళ్లు పోస్తే పెరుగుతుంది, మీ గుట్ట మీద మార్చి తర్వాత తట్టుకోవడం కష్టం. టేకు మన చెట్టే, కాదనను. కానీ పిట్టకు పండు పెట్టదు. దుంగ కావాలంటే టేకు, కడుపులు నిండాలంటే మొర్రి. మొర్రి కట్టె వంటచెరుకుకు, చిల్లర పెట్టెలకు తప్ప పెద్దగా పనికిరాదు. నాకైతే అదీ మంచిదే అనిపిస్తుంది, గొడ్డలి దాని జోలికి రావడానికి కారణం తగ్గుతుంది.

నాలుగెకరాలంటే విశాలమైన జాగా. వాలు దిగువన, వాన నీళ్లు పారే వాగు వారన, ఒక ఐదారు తాని చెట్లు కూడా పెట్టండి. తాండ్ర అని కూడా అంటారు, త్రిఫలాల్లో ఒకటి. మొర్రి కంటే రెండింతలు ఎత్తు పోతుంది, మాను బలిసి మొదలు దగ్గర పలకలు తేలుతుంది. చలికాలంలో బూడిదరంగు మఖమల్ తొడుగు ఉన్న కాయలు రాల్తాయి. దుప్పులు, కణుజులు వాటిని మింగి, తీరిగ్గా పడుకుని నెమరువేస్తూ గింజను దూరంగా ఉమ్మేస్తాయి. చెట్టు అట్లా అడవిలో నడుస్తుంది. భారతంలో నలుడి కథ చదివినవాళ్లకు తాని చెట్టు తెలిసే ఉంటుంది. ఋతుపర్ణుడు ఆకులు, కాయలు లెక్కపెట్టి చెప్పింది ఈ చెట్టువే, నలుణ్ణి వదిలిన కలి దూరింది కూడా ఈ చెట్టులోకే. అందుకే దీని కింద పడుకోవద్దని కొందరు పెద్దలు అంటారు. నేను చెప్పే జాగ్రత్త వేరు: పూసినప్పుడు వాసన ఘాటుగా, కొందరికి తల తిరిగేట్టు ఉంటుంది. ఇల్లు, పశువుల కొట్టం దగ్గర పెట్టకండి. తాని గింజలో పప్పు ఉంటుంది గానీ ఎక్కువ తింటే మత్తు వస్తుందంటారు. అది ఉడుతలకు, ముళ్లపందులకు వదిలేయండి.

మొర్రికి మొర్రికి మధ్య ఇరవై ఐదు నుంచి ముప్పై అడుగులు వదలండి. ఎకరానికి సుమారు 48 నుంచి 70 మధ్య పడతాయి. అయితే మొత్తం మొర్రే పెట్టొద్దు. మధ్యలో ఇప్ప, తునికి, నేరేడు, ఉసిరి, రేల కలపండి. ఒక ఏడాది మొర్రి పూత మబ్బుకు రాలిపోయినా పిట్ట ఆకలితో పోదు. వరుసలు దారం పట్టినట్టు ఉండాల్సిన పని లేదు. రాయి ఉన్నచోట రాయిని ఉంచి పక్కన గుంత తీయండి.

డబ్బు గురించి కూడా చెప్పాలి. విత్తనం మొక్క కాపుకు రావడానికి పదేళ్లు పట్టినా పట్టొచ్చు అనుకుని మొదలుపెట్టండి. రెండో ఏటికే లెక్క చూసుకునే ఆలోచన ఉంటే మిగిలిన ఎనిమిదెకరాల్లో చూసుకోండి.

ప్రశ్న (వనపర్తి నుంచి ఒక గృహిణి): మేడం, కిరాణా షాపులో వంద గ్రాముల సారపప్పు తెచ్చి, రాత్రంతా నానబెట్టి కుండీలో చల్లాను. నెల దాటింది, ఒక్కటీ మొలవలేదు, బూజు పట్టింది. విత్తే పద్ధతి చెప్పండి.

జవాబు: తల్లీ, కొట్లో దొరికే పప్పు మొలవదు. దాన్ని ఎండబెట్టి, పెంకు తీసి, ఎన్నాళ్లు మూటల్లో ఉంచారో ఎవరికీ తెలియదు. మొర్రి గింజకు ఆయుష్షు తక్కువ. పండిన వేసవిలోనే, తొలకరికి మట్టిలో పడాలి.

మే నెల రెండో సగంలో శ్రీశైలం రోడ్డు మీద, మన్ననూరు చుట్టుపక్కల, ఆకు దొప్పల్లో మొర్రిపండ్లు పెట్టుకుని ఆడవాళ్లు, పిల్లలు కూర్చుంటారు. వాళ్ల దగ్గర కొనండి. బేరం చేయకండి, ఒక్కో దొప్ప నింపడానికి ఎంత ఎండలో తిరిగారో వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది. పండు పూర్తిగా నల్లగా, వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి. పచ్చగా కోసి గోనె సంచిలో మాగబెట్టినవి కూడా నల్లబడతాయి, కానీ నొక్కితే తోలు ముడత పడుతుంది, గుజ్జు ఉండదు. వాటిలో గింజ సగం నిండి ఉంటుంది. అవి వద్దు.

పండ్లు తినండి, పిల్లలకు పెట్టండి. గింజలు రాత్రంతా నీళ్లలో వేసి, పొద్దున గోనె పట్టా మీద రుద్దితే మిగిలిన తోలు, గుజ్జు పోతుంది. కడిగి మళ్లీ నీళ్లలో వేయండి. పైకి తేలినవి తాలు గింజలు, పారేయండి. మునిగినవాటిని నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టండి. ఎండలో వద్దు.

అసలు పని ఇక్కడి నుంచి. ఒక గింజ చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. బఠానీ గింజంత ఉంటుంది, రెండు పక్కలా కొంచెం నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. అంచు చుట్టూ సన్నటి గీత కనపడుతుంది. పెంకు రెండు చిప్పలుగా కలిసిన చోటు అది. మొలక బయటికి రావలసింది ఆ గీత తెరుచుకునే. పెంకు రాయంత గట్టిది కాబట్టి చాలా గింజల్లో మొలక లోపలే కుళ్లిపోతుంది. గింజను ఆ అంచు మీద నిలబెట్టి, చిన్న పట్టకారుతో పట్టుకుని, బండ మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. టక్ మని చప్పుడు మారుతుంది, గీత వెంట వెంట్రుక మందాన పగులు వస్తుంది. అక్కడే ఆపండి. లోపలి పప్పుకు గాటు పడితే మీరు చూసిన బూజే మళ్లీ వస్తుంది. మొదటి పది గింజలు పాడవుతాయి, తర్వాత చేతికి అలవాటవుతుంది. మా పెరట్లో ఈ పని పక్కింటి కాలేజీ పిల్లలు చేస్తారు, నాకు చూపు ఆనదు.

పగిలిన గింజలను ఒక రాత్రి నానబెట్టి, పొద్దున ట్రైకోడెర్మా పొడి (బూజును, కుళ్లును అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం) పట్టించి విత్తండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. సంచి మాత్రం లోతుగా, కనీసం అడుగు పొడవుండాలి. ఇది తల్లివేరును నిటారుగా కిందికి దించే చెట్టు. పొట్టి సంచిలో వేస్తే వేరు మెలిక తిరిగి, తర్వాత నేలలో పెట్టినా కోలుకోదు. అర అంగుళం లోతున గింజను అడ్డంగా పడుకోబెట్టి పైన ఇసుక చల్లండి. మట్టి తడిగా ఉంటే చాలు, బురద కాకూడదు. కొన్ని వారాల్లో మొలకలు వస్తాయి, అన్నీ ఒకేసారి రావు. రాలేదని సంచి గుమ్మరించకండి.

వచ్చే ఏడు వానల్లో, మట్టి ముద్ద చెదరకుండా, నేలలో పెట్టండి. మొదటి రెండేళ్లు మొక్క ఎదగడం కనపడదు, వేరు కిందికి పోతుంటుంది. ఆ రెండు వేసవులూ వారానికి ఒక బిందె నీళ్లు పోసి, మొదట్లో ఆకులు కప్పి, మేకలు రాకుండా రేగుకంప పెడితే చాలు. ఆ తర్వాత మీ అవసరం దానికి పెద్దగా ఉండదు.

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక ఉపాధ్యాయుడు): అమ్మా, పిల్లలను గుట్టల్లోకి తీసుకుపోయి చెట్లు గుర్తుపట్టిస్తుంటాను. మొర్రి, నల్లజీడి ఒక కుటుంబానివే అంటారు. నల్లజీడి తగిలితే ఒళ్లు పొక్కుతుందని భయం. తేడా ఎట్లా చెప్పాలి?

జవాబు: మాస్టారూ, మీ భయం సరైనదే. నల్లజీడి కాయ రసం ఒంటికి తగిలితే బొబ్బలు లేస్తాయి. చాకిరేవులో బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి ఆ రసమే వాడేవారు. పిల్లలకు ముందు కాయను చూపించండి, ముట్టనివ్వకుండా. నల్లజీడికి జీడిమామిడిలాగానే మెత్తటి నారింజరంగు పండు పైన, నల్లటి గింజ దాని కొసన బయటికి ఉంటుంది. మొర్రి అట్లా కాదు. అది గుండ్రటి చిన్న పండు, పచ్చగా మొదలై ఎర్రబారి నల్లబడుతుంది, గింజ లోపల దాక్కుని ఉంటుంది.

కాయలు లేని కాలంలో ఆకు చూడండి. నల్లజీడి ఆకు చాలా పెద్దది, అడుగు దాటుతుంది, కొసవైపు వెడల్పు ఎక్కువ, అడుగుభాగం బూడిదరంగు. మొర్రి ఆకు జానెడు లేదా ఇంకా చిన్నది, కొస మొద్దుగా ఉంటుంది, నడి ఈనె నుంచి పక్క ఈనెలు నిటారుగా సమానంగా పోతాయి. మాను దగ్గరికి పోతే ఇంకా సులభం: మొర్రి బెరడు నల్లగా, చిన్న చిన్న చదరాలుగా పగిలి అచ్చం మొసలి వీపులాగా ఉంటుంది. పిల్లలు ఒకసారి చెయ్యి వేసి తడిమితే ఇక మరచిపోరు. ఆ మందపు బెరడే వేసవిలో అడవికి నిప్పంటుకున్నప్పుడు పెద్ద చెట్టును కాపాడుతుంది. చిన్న మొక్కకు ఆ బెరడు ఉండదు కాబట్టి మంటకు మాడిపోతుంది. కాకపోతే వేరు బతికి ఉంటే మళ్లీ పిలకలు వేస్తుంది.

ఎవరికైనా నల్లజీడి రసం తగిలితే గోకనివ్వకండి. వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడిగించి డాక్టరుకు చూపించండి. కళ్లకు తగిలితే అసలు ఆలస్యం చేయకండి.

ప్రశ్న (అమ్రాబాద్ మండలం నుంచి): అక్కా, మా చేను అడవికి ఆనుకుని ఉంది. గట్ల మీద మొర్రి పెడదామంటే మా నాయన గుడ్డెలుగులు ఇంటిమీదికి వస్తయని ఒప్పుకోవడం లేదు. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, మీ నాయన మాట తీసిపారేయకు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది, అందులో ఎలుగులు బాగానే ఉన్నాయి, మొర్రి వాటికి ప్రాణం. మేలో ఎలుగు పెంటలో గుప్పెళ్లకొద్దీ మొర్రి గింజలు కనపడతాయి. చెట్టెక్కి మరీ తింటుంది.

అందుకని చెట్టు మానుకోమని చెప్పను, జాగా మార్చమంటాను. ఇంటికి, బాయికి, పిల్లలు బడికి పోయే దారికి దగ్గర పెట్టకండి. చేనుకు అడవివైపు అంచున పెట్టండి. అడవి అంచునే దానికి తిండి దొరికితే చేను నడిమికి రావలసిన అవసరం తగ్గుతుంది. చెట్ల కింద తుప్పలు పెరగనివ్వొద్దు, మనిషికీ ఎలుగుకూ దూరం నుంచే ఒకరికొకరు కనపడాలి. ఎలుగు చూపు అంతంతమాత్రం. తింటూ తలవంచుకుని ఉన్నప్పుడు మనిషి హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడుతుంది. పండ్లు ఏరడానికి తెల్లవారుజామున, మునిమాపున పోకండి. పొద్దెక్కాక ఇద్దరు ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ, కర్ర చప్పుడు చేసుకుంటూ పోండి. పిల్లతల్లి కనపడితే వెనక్కి తిరిగి వచ్చేయండి, ఆ రోజు పండ్లు దాని వంతు.

కరెంటు తీగ మాత్రం పెట్టకు. ఎలుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, దాన్ని చంపితే జైలే. చట్టం సంగతి అట్లుంచి, ఆ తీగకు రేపు మీ ఇంటి మనిషే బలి కావచ్చు.

ప్రశ్న (నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి, అడవి సరుకు సేకరించే కుటుంబం): మేడం, మాకు మొర్రి గింజలే వేసవి ఆదాయం. కానీ ఇప్పుడు ఏప్రిల్ మొదటి వారంలోనే పోటీ పడి పచ్చికాయ దింపుతున్నరు. కొందరైతే కొమ్మలే నరుకుతున్నరు. పండేదాకా ఆగితే పక్కవాళ్లు కొట్టుకపోతరని మేము కూడా ముందే పోతున్నం. ఏటేటా చెట్లు తగ్గుతున్నయి. దారి చెప్పండి.

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నన్ను నిద్రపోనివ్వనిది మీదే. తప్పు మీదని అనను. ముందు పోయినవాడికే దక్కే చోట ఆగినవాడు నష్టపోతాడు, అది మీకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆగకపోతే ఏం పోతుందో వివరంగా చెప్తాను, మీ పెంటలో (అడవిలోని చెంచుగూడెంలో), మీ ఊళ్లో నలుగురు కూర్చున్నప్పుడు ఈ మాటలు చదివి వినిపించండి.

ఒకటి, తూకం. ఏప్రిల్ మొదట్లో కాయలో పప్పు పాలుగా, నీళ్లగా ఉంటుంది. ఎండబెడితే ముడుచుకుపోతుంది. ఇసుర్రాయిలో వేసి పెంకు తీసి చాటలో చెరిగితే పొట్టే ఎక్కువ, పప్పు తక్కువ. నెల ఆగితే అదే చెట్టు, అదే కష్టం, బరువు వేరు. నాణ్యమైన పప్పులో సగం బరువు నూనే ఉంటుంది, ఐదో వంతు మాంసకృత్తులు. ఆ నూనె చేరేది చివరి వారాల్లోనే. వ్యాపారి తాలు గింజ చూసి ధర కోసినప్పుడు ఏమీ అనలేని పరిస్థితి మనకు మనం తెచ్చుకుంటున్నదే.

రెండు, వచ్చే ఏటి కాపు. మొర్రి పూసేది కొమ్మల చివర్లలో. కొమ్మ నరికితే ఆ చివర్లన్నీ పోతాయి. మళ్లీ చిగురించి పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. కొమ్మ నరికినవాడు ఈ ఏటి గింజతో పాటు రాబోయే పంటలు కూడా ఒకే సంచిలో వేసుకుని పోతున్నాడు.

మూడోది మీరే పోయి చూడండి. పెద్ద మొర్రి చెట్టు కింద నిలబడి, చుట్టూ ఇరవై అడుగుల్లో వంగి వెతకండి. మోకాలెత్తు మొర్రి మొక్క కనపడుతుందా? నేను పోయిన చాలాచోట్ల ముసలి చెట్లున్నాయి, నడికారు చెట్లు కొన్ని ఉన్నాయి, పిల్ల మొక్కలు లేవు. పండిన గింజ నేలకు చేరడం లేదు, చేరినదేదో ఫిబ్రవరి మంటల్లో పోతోంది. ఆ ముసలి చెట్లు పడిపోయాక ఏముంటుంది?

పచ్చికాయ దింపితే పిట్టకూ ఎలుగుకూ కూడా ఏమీ మిగలదు. వాటి కడుపులో పడి గింజ దూరం పోయి మొలిచేది. మనం వాటి నోటి దగ్గరిది లాక్కుంటే అడవికి విత్తేవాళ్లు లేకుండా పోతారు.

దారి ఉంది, ఒక్కరితో అయ్యేది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద గిరిజనులకు, అడవి మీద ఆధారపడినవాళ్లకు హక్కు ఇచ్చింది. దాన్ని కాపాడే బాధ్యత, అధికారం కూడా గ్రామసభకు ఇచ్చింది. చుట్టుపక్కల పెంటలు, ఊళ్లు కలిసి గ్రామసభలో ఒక తేదీ పెట్టుకోండి. ఫలానా రోజు కంటే ముందు ఎవరూ మొర్రికి పోవద్దు, పోతే ఆ సరుకు ఎవరూ కొనొద్దు అని తీర్మానం రాయించండి. తేదీ పంచాంగం చూసి కాదు, చెట్టు చూసి పెట్టాలి. గుత్తిలో సగానికి పైగా నల్లబడితే అప్పుడు. ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో చెంచు పెద్దలకు చెప్పాల్సిన పని లేదు, తేదీ వాళ్లనే పెట్టమనండి.

దింపేటప్పుడు కొమ్మ నరకకుండా కింద పాత చీరలు, పట్టాలు పరిచి కొమ్మను ఊపితే పండినవి వాటంతటవే రాల్తాయి. రాలనిది పండలేదన్నమాట. చిటారు కొమ్మలు ముట్టకండి, అవి పిట్టలవి. పది చెట్లకు ఒకటి పూర్తిగా వదిలేయండి, దాని చుట్టూ ఆకులు ఊడ్చి నిప్పు రాకుండా చూడండి.

అమ్మేటప్పుడు విడివిడిగా దళారికి ఇవ్వకుండా గిరిజన సహకార సంస్థ కొనుగోలు కేంద్రంలో ముందే అడిగి పెట్టుకోండి. అటవీ ఫలసాయానికి మద్దతు ధర పథకం 2013–14లో మొదలైనప్పటి నుంచి మొర్రి గింజలు ఆ జాబితాలో ఉన్నాయి. 2020లో కేంద్రం కిలో గింజలకు 126 రూపాయలు ప్రకటించింది. ఈ ఏటి ధర కనుక్కుని, అది రాసిన కాగితం చేతిలో పెట్టుకుని బేరానికి కూర్చోండి. పప్పు తీసి అమ్మితే ఇంకా ఎక్కువ వస్తుంది. ఇసుర్రాళ్లతో చేతులు పుండ్లు పడకుండా పెంకు తీసే చిన్న యంత్రాలు వచ్చాయి, మహిళా సంఘం పేరున అడగండి.

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి): సారపప్పు డబ్బాలో నెల ఉంచితే చేదెక్కుతోంది. కల్తీనా?

జవాబు: కల్తీ కాదమ్మా, నూనె పప్పు కాబట్టి ముక్కిపోతోంది. కొద్దికొద్దిగా కొని, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కొనేముందు ఒక పప్పు కొరికి చూడండి, తాజాది కొంచెం తియ్యగా, బాదంకు దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న (కొల్లాపూర్ నుంచి ఒక మామిడి రైతు): మాకు మామిడి అంట్లు కట్టే చెయ్యి ఉంది. మొర్రికి కూడా అంటు కట్టొచ్చా? మొక్కలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: కట్టొచ్చు. మొర్రి విత్తనం మొక్క మీదే మొర్రి లేత కొమ్మను అంటుకట్టాలి. మీరు మామిడికి చేసే మెత్తకొమ్మ అంటు పద్ధతే. ఏడాది దాటిన, పెన్సిల్ మందం వచ్చిన మొక్క తీసుకోండి. గుజరాత్‌లోని గోద్రా కేంద్రీయ ఉద్యాన ప్రయోగ కేంద్రం వాళ్లు ఇట్లాగే ఎంపిక చేసి 'థార్ ప్రియ' అనే రకం విడుదల చేశారు. అంటు మొక్క విత్తనం మొక్క కంటే ముందే కాపుకు వస్తుంది. తోటగా పెట్టేవాళ్లకు అది లాభం. పిట్టల కోసం, గుట్ట మీద పెట్టేవాళ్లకు మాత్రం విత్తనం మొక్కే మంచిది. ఒక్కో చెట్టు ఒక్కో తీరుగా, ముందూ వెనకగా పండుతుంది, మే నెలంతా పండ్లు ఉంటాయి. మీ దగ్గరి అడవిలో తియ్యగా, గింజ లావుగా కాసే చెట్టు ఉంటే దాని కొమ్మ తీసుకోండి. అభయారణ్యం లోపల అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా ముట్టకండి.

మొక్కల విషయం. మామూలు నర్సరీల్లో మొర్రి ఉండదు. అటవీ శాఖ నర్సరీలో, మీ ఊరి పంచాయతీ నర్సరీలో జనవరిలోనే కాగితం మీద రాసి అడగండి. మేలో గింజ సేకరిస్తే తప్ప వాళ్ల దగ్గర కూడా మొక్క ఉండదు, జూన్‌లో పోయి అడిగితే కానుగ, వేప చేతిలో పెట్టి పంపిస్తారు. ఈ వేసవిలో మా పెరట్లో వేసే సంచులు వచ్చే ఏడు వానలకు సిద్ధమవుతాయి. కావలసినవాళ్లు నేల రకం, ఎకరాలు, నీటి వసతి రాసి పత్రిక చిరునామాకు పంపండి. గుట్ట నేలలవాళ్లకు మొదట ఇస్తాను.